ఆయుధ పూజకు పెట్టిన ల్యాప్‌టాప్

ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాళ్ళు కొల్లలు. అయినా క్వారీ నుంచి ట్రాక్టరు మీద బండ వచ్చిందంటే ముందు గురుస్వామిని పిలవాల్సిందే. ఆయన వచ్చి, సుత్తె పిడితో బండ వీపు మీద ఒక్కటి తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమని పలికితే దించమనేవాడు. మొద్దుగా పలికిందో, "తీసకపోప్పా, దీని కడుపులో పగులుండాది" అనేవాడు. ఇక ట్రాక్టరువాడు దేవుడి మీద ఒట్టేసినా, పిల్లల మీద ఒట్టేసినా లాభం లేదు. ఒకసారి ఎవరో ఆ మాట పెడచెవిన పెట్టి అదే బండలో నందిని చెక్కబోతే, మూపురం దాకా వచ్చి రెండు చెక్కలైంది. ఆ తర్వాత గురుస్వామి చెవిని కాదన్నవాడు లేడు.

చెవి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. ఎవరైనా వచ్చి, "మా నాయన విగ్రహం కొంచెం ఎత్తుగా, ఛాతీ వెడల్పుగా పెట్టు గురుస్వామీ" అన్నారనుకోండి, "మీ నాయన పొట్టోడు గదప్పా, నేను సూడలేదా!" అని మొహం మీదే అనేసేవాడు. వచ్చిన బేరం వచ్చినట్టే తిరిగి పోయేది. భార్య ఉమామహేశ్వరమ్మ తల పట్టుకు కూర్చునేది. ఆ నోటికి పగ్గం వేయగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు శ్రీలత. "నాయనా, నువ్వు రాయితో మాట్లాడు. మనుషులతో నేను మాట్లాడతా" అనేది. అంతే, అంత మనిషీ పిల్లిలా పోయి ఉలి పట్టుకునేవాడు.

అసలు ఈ మనుషుల విగ్రహాల గిరాకీ తొంభైల్లో మొదలైంది. అంతకుముందు ఆయన పనంతా దేవుళ్ళతోనే. దేవుళ్ళకు కొలతలుంటాయి. అవి తండ్రి దగ్గర నేర్చిన విద్య, వేళ్ళకే తెలుసు. మనుషులతో అట్లా కుదరదు, ఏ ఇద్దరి ముక్కూ ఒకటిగా ఉండదు. శిరివెళ్ల నుంచో చాగలమర్రి నుంచో ఎవరో ఒకరు గోరంత ఫోటో తెచ్చి, "మా నాయనప్పా, పొలంలో నిలబెట్టుకుంటాం" అని చేతిలో పెట్టి పోయేవారు. గురుస్వామి ఆ ఫోటోను ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, తలనొప్పి తెచ్చుకుని, ఇంట్లో కనబడినవాళ్ళనల్లా తిట్టేవాడు.

ఆ బాధ తీర్చింది లతే. నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటరు నేర్చుకుంది. చదువైపోయాక, రెండువేల నాలుగులో, అక్కడే దాదా ఖలందర్ అంగట్లో ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి బేరమాడి కొనుక్కొచ్చింది. గోరంత ఫోటోను దాని తెర మీద పళ్ళెమంత చేసి, నిలువుగా అడ్డంగా గళ్ళు గీసి తండ్రి ముందు పెట్టింది. "సూడు నాయనా, ఈ తాతకు ఎడమ కన్ను కొంచెం చిన్నది. నవ్వితే పెదవి ఈ పక్కకే పోతాంది." గురుస్వామి నోరెళ్ళబెట్టాడు. అప్పట్నుంచి రేకుల షెడ్డు కింద తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చునేవారు. ఆయన చెక్కుతుంటే రాతిపొడి లేచి ఆ ల్యాప్‌టాప్ మీద పడేది. లత చున్నీతో తుడుచుకుంటూ, తండ్రిని తిట్టుకుంటూ పని చేసేది. చెప్పొద్దూ, ఆ మూడేళ్ళూ గురుస్వామి జీవితంలో పండగ రోజులు.

చిన్న డిజిటల్ కెమెరా కూడా ఒకటి వచ్చింది ఇంటికి. ఉమామహేశ్వరమ్మ దాంతో కూతురి ఫోటోలు తీసేది. వంటింటి గడప మీద, మల్లెపందిరి కింద, సగం చెక్కిన విగ్రహాల పక్కన. "నాలుగు కడిగిద్దామే, గోడకు తగిలిస్తా" అంటే లత నవ్వేది. "ఎందుకమ్మా దుడ్లు దండగ! అన్నీ ఈడనే ఉంటాయి. యాడికి పోతాయి?" అని ల్యాప్‌టాప్ మీద తట్టి చూపించేది. అట్లా పిల్ల పెద్దదయ్యాక తీసిన ఫోటో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. పదో తరగతి గుంపు ఫోటోలో ఆవగింజంత మొహం ఉంది, ఓటరు కార్డులో నల్లటి మచ్చ ఉంది. అంతే.

రెండువేల ఏడు వానల్లో లతకు జ్వరం తగిలింది. మాత్రలు వేసుకుంటే తగ్గింది, మళ్ళీ వచ్చింది. కర్నూలు తీసుకెళ్ళారు. పోయేటప్పుడు కారులో కూర్చుని పోయిన పిల్ల, వచ్చేటప్పుడు తెల్లగుడ్డ కింద వచ్చింది. ఇంకేం చెప్పేది? ఎవరి ఇంటికీ ఆ రోజు రాకూడదు.

ఏడాది సూతకం కదా, ఆ యేడు ఇంట్లో పండగ లేదు, పబ్బం లేదు. ల్యాప్‌టాప్‌ను లత చున్నీలోనే చుట్టి ఉమామహేశ్వరమ్మ బీరువాలో పెట్టింది. తెరిచే ధైర్యం ఇద్దరికీ లేదు. గురుస్వామి మనుషుల విగ్రహాలు మానేశాడు. ఎవరైనా ఫోటో తెస్తే, తిట్టడం కూడా మానేసి, తల అడ్డంగా ఊపి పంపించేవాడు.

సంవత్సరీకం పెట్టిన తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఉమామహేశ్వరమ్మ ఆగిపోయింది.

"దాని మొగం మర్సిపోతాండానయ్యా" అంది. "కండ్లు మూసుకుంటే గొంతు ఇనపడతాంది. మొగం రాల్యా. కన్నతల్లిని, నాకే రాకుంటే ఎట్లయ్యా? ఒక్కసారి దాని మొగం సూస్తే సాలు నాకు."

గురుస్వామి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. అదే భయం ఆయననూ తింటోంది కొన్నాళ్ళుగా. ఊళ్ళో అందరి తండ్రులనూ తాతలనూ నిలబెట్టాను, నా బిడ్డను నిలబెట్టలేనా అనుకున్నాడు. భార్యకు చెప్పలేదు. చెబితే ఇప్పుడే ఏడుస్తుంది. చేసి చూపించినా ఏడుస్తుంది, కానీ బిడ్డ మొహం చూసుకుని ఏడుస్తుంది. ఆ సుఖమైనా ఇవ్వాలి కదా ఆమెకు!

దసరా దగ్గర పడింది. రాతిపని ఇళ్ళలో ఆయుధ పూజ కాకుండా కొత్త పని మొదలుపెట్టరు. ఉలులు, సుత్తెలు, పాలిషు మిషను అన్నీ కడిగి, బొట్లు పెట్టి వరసగా పేర్చాడు గురుస్వామి. ఆ వరస చివర చున్నీ విప్పి ల్యాప్‌టాప్ కూడా పెట్టాడు. లత ఉన్నప్పుడు దాన్ని మూసి, పైన మూత మీద చిటికెడు కుంకుమ అద్ది, "దీనికి నెత్తిన సాలు నాయనా" అని వెంటనే ఎత్తుకుపోయేది. ఎందుకు ఎత్తుకుపోయేదో ఆయన ఎన్నడూ అడగలేదు. పిల్ల తొందర అనుకున్నాడు. ఈసారి చేస్తున్నది బిడ్డ కోసం. తలుపేసి మొక్కితే మొక్కు యాడ చేరుతుంది? అందుకని మూత తెరిచి అమ్మవారి పటం వైపు తిప్పి పెట్టాడు. మామిడాకుతో పసుపునీళ్ళు చిలికాడు. మీటల నడుమ తడి వేలితో కుంకుమ పెట్టాడు. టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు అన్ని పనిముట్ల మీదా చల్లినట్టే దాని మీదా చల్లాడు. భక్తిగా, ఒక్క చుక్క తక్కువ కాకుండా చల్లాడు పిచ్చి తండ్రి!

హారతి చల్లారి, ఉమామహేశ్వరమ్మ వీధిలో ప్రసాదం పంచడానికి పోయాక వైరు గోడకు తగిలించి, లత నేర్పిన బొత్తాం నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. లోపల ఏదో గుర్రున తిరిగింది. ఆయన గుండె కూడా అట్లాగే తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ఏందీ, రాల్యాదే!" అన్నాడు. కాసేపు చూశాడు. ఇక ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. సుత్తె పిడి తీసుకుని, తిరుగుతున్న ఆ పెట్టెను ఒక మూల తట్టి చెవి ఆనించాడు. ఇంకో మూల ఇంకొంచెం గట్టిగా తట్టాడు. లోపల కిర్రుమంది. మరోసారి తట్టాడు. గుర్రుమనేది ఆగిపోయింది. దీపం కూడా ఆరిపోయింది.

పక్కింటివాళ్ళు వచ్చి తలా ఒకటి చెప్పారు. చార్జి లేదేమో అన్నారొకరు. ఏడాది మూలబడితే ఏ మిషనైనా అలుగుతుందన్నారు ఇంకొకరు. గురుస్వామి బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు, వేలు నొప్పి పుట్టేదాకా.

పండగ దాటగానే, "కటింగ్ మిషను బిళ్ళ తెస్తా" అని ఇంట్లో చెప్పి నంద్యాల బస్సెక్కాడు. ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టినా సంచిని కింద పెట్టలేదు, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళోనే పట్టుకున్నాడు. శిరివెళ్ల దగ్గర ఎక్కిన ముసలమ్మ "ఏముందప్పా అందులో, గుడ్లా?" అని పరాచికమాడింది. ఇంకో రోజైతే గట్టి సమాధానమే చెప్పేవాడు.

దాదా ఖలందర్ టేప్‌రికార్డర్లు బాగు చేస్తూ మొదలై, టీవీలు దాటి, కంప్యూటర్ల దాకా వచ్చిన మనిషి. అంగడి నిండా విప్పిన పెట్టెలు, వాటి నడుమ ఆయన. ల్యాప్‌టాప్ చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది ఆళ్లగడ్డ లత పాపది గదా! మీరు ఆ పాప నాయనా? రాన్నా, కూచో. పాప రాల్యా?"

"ల్యాదప్పా."

"అత్తగారింటికి పోయిందా? పెండ్లికి ఒక్క మాట చెప్పింటే వస్తుంటి గదన్నా! యాడిచ్చినారు?"

గురుస్వామి నేల చూశాడు. "పాపే ల్యాదప్పా. పోయిన యేడు."

ఖలందర్ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. "యా అల్లా" అని తల మీది టోపీ సర్దుకున్నాడు. తర్వాత ఖలందర్ ముందున్న పనులన్నీ పక్కకు తోసి, బల్ల గుడ్డతో తుడిచి, ల్యాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కున్నాడు.

"పాప ఫోటోలుండాయి దాంట్లో" అన్నాడు గురుస్వామి. "ఒక్కటి సాలు నాకు. మొగం కనపడేది ఒక్కటి."

ఖలందర్ ముందు చార్జరుకు మీటరు పెట్టి చూశాడు. అది బాగానే ఉంది. బ్యాటరీ ఊడదీసి, బొత్తాం కాసేపు నొక్కి పట్టుకుని, వట్టి చార్జరుతో పెట్టి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక్కి తిప్పి మరలు విప్పాడు. ర్యాము బిళ్ళ తీసి, దాని అంచును పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. "సగం బండ్లు దీంతోనే లేస్తాయన్నా" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు. ఇది లేవలేదు. లోపలి ఫ్యానును రాతిపొడి అట్టకట్టి పట్టేసుకుంది. బ్రష్షుతో దులిపితే తెల్లటి పొడి బల్ల మీద రాలింది. తమ షెడ్డులోని పొడే, ముగ్గురూ బతికిన రోజులదే. గురుస్వామి దాన్ని వేలితో ఒక పక్కకు కూడదీశాడు.

చివరికి మీటల పలక ఎత్తాడు ఖలందర్. ఎత్తి, అట్లాగే ఉండిపోయాడు. కింద బోర్డు మీద పసుపు గడ్డకట్టి ఉంది, కుంకుమ మరకలు కట్టి ఉంది. వాటి నడుమ రాగి తీగల మీద పచ్చటి చిలుము మొదలైంది.

"అన్నా, దీనికి పూజ చేసినారా?"

"మొన్న ఆయుధ పూజ గదా. తెరిచి పెట్టి చేసినా. బాగా చేసినా."

ఖలందర్ మీటల పలకను పక్కన పెట్టి, "బోర్డు పోయిందన్నా" అన్నాడు. గురుస్వామి మొహం చూసి వెంటనే అందుకున్నాడు. "బోర్డు పోతే పోనీ, భయపడొద్దు! ఫోటోలు బోర్డులో ఉండవు. ఇదో, ఈ డబ్బీలో ఉంటాయి. ఇది గట్టిది. నీళ్ళు దీంట్లోకి పోలేదు, సూడు, పొడిగా ఉండాది. దీన్ని తీసి నా కంప్యూటరుకు తగిలిస్తే పాప ఫోటోలన్నీ వస్తాయి."

గురుస్వామి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. "నీ కడుపు సల్లగుండ" అన్నాడు.

ఖలందర్ అరచేతిలో పట్టేటంత ఆ డిస్కును తీసి, వైరు తగిలించి, తన కంప్యూటరుకు కలిపాడు. డిస్కు తిరగడం మొదలైంది. ఇద్దరూ తెర వైపు చూశారు. అప్పుడు డిస్కు లోపల టక్ మంది. ఆగింది. మళ్ళీ టక్. మళ్ళీ టక్. తెర మీద ఏమీ రాలేదు.

ఖలందర్ వైరు పీకి మార్చి పెట్టాడు. టక్. ఇంకో కంప్యూటరుకు పెట్టాడు. టక్. ఆయన మొహంలో రంగు మారింది.

"అన్నా, ఇది తిరుగుతాంటే కింద పడిందా? దెబ్బేమన్నా తగిలిందా?"

"పడల్యాదు. తెర రాకుంటే తట్టి సూసినా."

"దేంతో?"

"సుత్తె పిడితో. పగులుంటే తెలుస్తాది గదా."

ఖలందర్ డిస్కు వైరు పీకేశాడు. తిరిగే డిస్కు మీద వెంట్రుకవాసి ఎడంగా సూది లాంటిది ఒకటి ఆడుతుంటుందనీ, తడితే అది గీసుకుపోతుందనీ, గీసుకుపోయాక అందులో ఉన్నది లేనట్టేననీ ఆయనకు తెలుసు. అది ఈ తండ్రికి ఎట్లా చెప్పేది?

"పాతది గదన్నా" అన్నాడు తల వంచుకుని. "దాని ఆయుస్సు అంతే. ఎవరేం చేసినా, చేయకున్నా పోయేదే."

పాపం, అబద్ధం చెప్పడం ఖలందర్‌కు చేతకాదు. గొంతు మొద్దుగా పలికింది. రాయిలో పగులు పట్టే చెవికి మనిషి గొంతులో అబద్ధం దొరకదా? గురుస్వామికి అంతా తెలిసిపోయింది. బోర్డును చంపింది తన భక్తి. బిడ్డను దాచుకున్న డబ్బీని చంపింది, ఊరంతా మెచ్చిన తన చెవి. కుర్చీలో కూలబడి రెండు చేతులూ చూసుకున్నాడు. "ఈ చేతులిరగా!" అన్నాడు. "ఈ చేతులిరిగిపోనూ!" కూతురి పాడె మోసిన రోజు కూడా ఏడవని మనిషి, నంద్యాల బజారులో, ముక్కూమొహం తెలియని జనం చూస్తుండగా భోరుమన్నాడు.

ఖలందర్ నీళ్ళు తెచ్చి తాగించాడు. హైదరాబాదులో పెద్ద అంగళ్ళున్నాయి, అడిగి చూస్తానన్నాడు. అడిగాడు కూడా, అప్పుడే ఫోను చేసి. అవతలివాళ్ళు ఆ చప్పుడు ఎట్లా ఉందో విని, తెచ్చినా లాభం లేదన్నారు.

పోవడానికి లేచి గురుస్వామి గుమ్మంలో ఆగాడు.

"నీవు సూసినావు గదప్పా మా పాపను" అన్నాడు. "ఎట్లుండేది?"

ఖలందర్ ఇబ్బంది పడ్డాడు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు. "బేరం బాగా ఆడిందన్నా. నేను దిగనంటే లేచి పోతాన్నట్టు నటించి మళ్ళా వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. మర్యాద గల పిల్ల" అన్నాడు. అంతకు మించి ఆయనకు మాత్రం ఏం తెలుసు? వచ్చిపోయిన ఎంతమంది మొహాలు గుర్తుంటాయి! గురుస్వామి అదే పదివేలన్నట్టు తల ఊపి బస్సెక్కాడు.

ఇంటికి వచ్చి భార్యతో ఏమీ చెప్పలేదు, ల్యాప్‌టాప్‌ను చున్నీలో చుట్టి మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. మరునాడే మంచి బండ ఒకటి షెడ్డు మూలకు జరిపించి, చుట్టూ గోనెపట్టాలు కట్టుకుని పని మొదలుపెట్టాడు. ఉమామహేశ్వరమ్మ ఏదో బేరం వచ్చిందనుకుంది, మనిషి మళ్ళీ పనిలో పడ్డాడని సంతోషించింది కూడా. గురుస్వామి కళ్ళు మూసుకుని వెతుక్కునేవాడు. గడప మీద కూర్చున్న లత, చున్నీతో పొడి తుడిచే లత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే లత. ముక్కు దొరికిందనిపిస్తే ఉలి పట్టేవాడు. ఒక్కోరోజు దొరికేది, ఒక్కోరోజు దొరికేది కాదు. అయితే చెయ్యి మాత్రం ఆగలేదు. ఫోటో లేని చెయ్యి తనకు తెలిసిన దారినే పోతుందని ఆయనకు తట్టలేదు. నుదురు వచ్చింది, చెక్కిళ్ళు వచ్చాయి, పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. కళ్ళు దిద్దిన రోజు ఉలి కింద పెట్టి, ఆ రాతి చెంపకు తన చెంప ఆనించి, "వచ్చినావామ్మా" అన్నాడు. బిడ్డ దొరికిందనే నమ్మాడు.

మరునాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, భార్యను షెడ్డులోకి పిలిచాడు.

"బేగా రా" అన్నాడు. "నీకొకటి సూపించల్ల."

ఆమె చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గురుస్వామి గోనెపట్టా లాగేశాడు. పేరు తాను చెప్పదల్చుకోలేదు. ఆమే చూడాలి, చూసి ఆమే బిడ్డను పేరు పెట్టి పిలవాలి. పక్కకు జరిగి, విగ్రహాన్ని చూడకుండా, భార్య మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఉమామహేశ్వరమ్మ చూసింది. మొహం విప్పారింది. చెప్పులు అక్కడే విడిచి, రెండు అడుగులు ముందుకు వేసి, చేతులు జోడించి కళ్ళకద్దుకుంది.

"ఎంత కళగా ఉండాదయ్యా తల్లి!" అంది. "ఏ ఊరోళ్ళు చెప్పినారు ఈ అమ్మవారిని?"

గురుస్వామి అప్పుడు తిరిగి విగ్రహాన్ని చూశాడు. కోలమొహం, విల్లులాంటి కనుబొమలు, కొలతకు సరిపోయిన ముక్కు. అమ్మవారే. ఎక్కడా, ఏ మూలా, లత లేదు.

ఆమె బదులు కోసం చూస్తోంది.

"వెలుగోడోళ్ళు" అన్నాడు గురుస్వామి.